జారిపడ్డారట!

భిలాయ్‌ సెక్టార్‌ 9 ఆసుపత్రిలో మన తెలుగువాళ్లెవరైనా చేరితే ఆ కబురు రిసాలికి అరగంటలో వచ్చేస్తుంది. ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు కదా, చుట్టరికాలూ పక్కింటి వరసలూ కలగలిసిపోయాయి. సాయంత్రమయ్యేసరికి ఫ్లాస్కులు, క్యారేజీలు పట్టుకుని వీధి వీధంతా మంచం చుట్టూ చేరుతుంది. నర్సులు విసుక్కుంటారు. కానీ సెలైన్‌ సీసా ఖాళీ అయిందని ముందుగా చూసేది, నిన్నటి మాత్ర తెల్లగా ఉంటే ఇవాళ్టిది పచ్చగా ఉందేమని అడిగేది ఆ గుంపే. రోగి భద్రత అంటూ సెమినార్లలో చెప్పే దాంట్లో సగం పని ఆ కళ్లే చేస్తుంటాయి.

జబ్బు మనసుకైతే మాత్రం ఆ కళ్లుండవు. రోగిని గుట్టుగా దూరం ఊరు తీసుకెళతారు. అడిగినవాళ్లకు ‘పెళ్లికెళ్లారు’ అని చెబుతారు.

మా వీధి చివరింటి బాబాయిని అలాగే తీసుకెళ్లారు. కోక్‌ ఓవెన్స్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. బైపోలార్‌ జబ్బుకు చాలాకాలంగా మందులు వాడుతున్నారు. ఒకసారి అవి మానేసి, వారం రోజులు నిద్రలేకుండా తిరిగి, దాచుకున్న డబ్బు దారినపోయేవాళ్లకు పంచబోయేసరికి పిన్ని బెంబేలెత్తిపోయింది. చేర్పించింది ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. దాని పేరూ ఊరూ రాయను. పది రోజుల దాకా ఎవరూ రాకూడదన్నారు. పదకొండో రోజు ఫోనొచ్చింది. బాత్‌రూములో జారిపడ్డారట, కుడి మణికట్టు విరిగిందట.

పిన్నితో నేనూ వెళ్లాను. విరిగిన చేతికి కట్టుంది. రెండో మణికట్టు చుట్టూ, రెండు చీలమండల చుట్టూ కంకణం తొడిగినట్టు నల్లటి చారలున్నాయి. జారిపడితే చెయ్యి విరగవచ్చు, చారలెందుకు పడతాయి? ‘రాత్రంతా కట్టీసేర్రా’ అన్నారు బాబాయి. డ్యూటీ డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఆయన మాటలు పట్టించుకోవద్దని, జబ్బు అలాగే మాట్లాడిస్తుందని చెప్పాడు. కేస్‌ షీట్‌ అడిగితే ఇవ్వడం కుదరదన్నారు. డిశ్చార్జి కాగితంలో ‘జారిపడ్డారు’ అన్న ఒక్క మాటే ఉంది. దాని కింద పిన్ని సంతకం. ‘ఏటి చేస్తాం బాబూ, మనిషిని ఇంటికంపితే చాలని పెట్టీసేను’ అంది.

నన్ను ఇప్పటికీ వదలనిది డాక్టరు అన్న ఆ మాట. మిగతా ఏ వార్డులోనైనా రోగి ఫిర్యాదు చేస్తే అది సాక్ష్యం. ఇక్కడ అదే ఫిర్యాదు రోగ లక్షణం. అధికారం ఉన్నచోట జవాబుదారీ ఉండాలని ఎమ్మే రాజనీతి శాస్త్రం పరీక్షల్లో పేజీలు నింపాను. తలుపుకు తాళం, చేతిలో ఇంజెక్షన్‌, ఎదుట నోటికి విలువ లేని మనిషి. ఇంతటి అధికారం పోలీసు స్టేషన్‌కు కూడా లేదు. అరెస్టయిన వాణ్ని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

డాక్టరైనా సరే, రోగి మంచం మీద ఆయన మాటా తేలికైపోతుంది. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తు వైద్యుడు డాక్టర్‌ సుధాకర్‌ను తెలుగు పాఠకులు మరచిపోయి ఉండరు. ఎన్‌95 మాస్కుల్లేవన్నందుకు 2020 ఏప్రిల్‌లో సస్పెండయ్యారు. మే 16న విశాఖ రోడ్డు మీద పోలీసులు చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్లిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. తర్వాత ఆయన్ను అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చేర్చారు. తనకిస్తున్న మందులు హాని చేస్తున్నాయని లోపలి నుంచే లేఖ రాశారు. ఆ చికిత్స తప్పొప్పులు వైద్యులు తేల్చుకోవలసినవి. నేను చెప్పేది ఆయన మాట ఎలా బయటికొచ్చిందన్నది. హైకోర్టు పంపగా మేజిస్ట్రేటు వెళ్లి వాంగ్మూలం తీసుకున్నారు. ఒంటి మీద గాయాల లెక్కలో ప్రభుత్వ నివేదికకూ మేజిస్ట్రేటు నివేదికకూ తేడా కనిపించింది. కోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. జూన్‌లో ఆయన బయటికొచ్చారు. 2021 మేలో గుండెపోటుతో కన్నుమూశారు. వీడియో, హైకోర్టు, రాష్ట్ర రాజకీయం అన్నీ కలిస్తేగాని ఒక్క డాక్టరు మాట గోడ దాటలేదు. రిటైరైన కోక్‌ ఓవెన్స్‌ కార్మికుడి సంగతి చెప్పాలా?

చట్టం లేదనడానికి వీల్లేదు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు మానసిక రోగుల కేంద్రం అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోలేక కాలిపోయారు. 28 మంది చనిపోయారు. దేశం తలదించుకుంది, సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. చాలా ఏళ్లకు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 వచ్చింది. అది 2018 మే నుంచి అమల్లో ఉంది. గొలుసులు పూర్తిగా నిషిద్ధం. ఒంటరి గదిలో బంధించరాదు. రోగికీ ఎదుటివాళ్లకూ తక్షణ ప్రమాదం తప్పించడానికి మరో దారి లేనప్పుడు మాత్రమే, బాధ్యుడైన సైకియాట్రిస్టు అనుమతితో కట్టవచ్చు. ఎందుకు, ఎంతసేపు అన్నది రికార్డులో రాయాలి. రోగి నియమించుకున్న ప్రతినిధికి 24 గంటల్లో చెప్పాలి. నెలనెలా సమీక్షా బోర్డుకు నివేదిక పంపాలి. వైద్య రికార్డు చూసే హక్కు, సందర్శకులను కలిసే హక్కు, ఫోను చేసుకునే హక్కు రోగికున్నాయి. అంటే ‘పది రోజులు ఎవరూ రావద్దు’, ‘కేస్‌ షీట్‌ కుదరదు’ అన్న రెండు మాటలూ ఈ చట్టం ముందు నిలబడేవి కావు.

ఇందులో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. సిబ్బంది తక్కువగా ఉన్నారన్న కారణంతో రోగిని కట్టరాదు. రాసినవాళ్లెవరో గానీ వార్డు ఎరిగినవాళ్లే. రాత్రిపూట ఒక్క అటెండరుకు ఒక వార్డునంతా అప్పగిస్తే అతనికి చేతికందేది తాడే. అతన్ని మాత్రమే తిట్టి లాభం లేదు. ఛత్తీస్‌గఢ్‌కంతటికీ ప్రభుత్వ మానసిక వైద్యశాల బిలాస్‌పూర్‌ దగ్గర సెంద్రీలో ఉంది. అక్కడి సిబ్బంది కొరత గురించి హైకోర్టే ప్రభుత్వాన్ని ప్రశ్నించాల్సి వచ్చింది. దేశవ్యాప్తంగా 46 ప్రభుత్వ మానసిక వైద్య సంస్థల పరిస్థితి అమానుషంగా ఉందని జాతీయ మానవ హక్కుల కమిషన్‌ 2023 జనవరిలో తేల్చింది. ప్రభుత్వానివే అలా ఉంటే ప్రైవేటువాటి తలుపు తట్టేదెవరు?

విరిగిన మణికట్టు అతికింది. నష్టం జరిగింది మరోచోట. మళ్లీ నిద్ర కరవైతే బాబాయి ఆ సంగతి దాచడం మొదలుపెట్టారు. చెబితే మళ్లీ చేర్పిస్తారని భయం. ఈ జబ్బులో ఆ దాపరికం ప్రాణం మీదికి తెస్తుంది. పిన్ని రాత్రిళ్లు మేలుకుని ఆయన మేలుకున్నారేమోనని చూస్తుండేది.

ప్రతినిధి నియామకానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద సంతకం చాలు. ఆ సంగతి చెబితే బాబాయి చాలాసేపు ఆలోచించారు. ‘మీ పిన్ని పేరొద్దు, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టీస్తాది’ అని నా పేరు రాశారు. పిన్ని నొచ్చుకోలేదు, నవ్వింది.

తర్వాత జబ్బు తిరగబెట్టినప్పుడు వేరే ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ కాగితం చదివి, ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ తేలేదంటూ ఫైల్లో గుచ్చింది. మూడో రాత్రి రెండు గంటలకు ఫోను. ఆయన తలను గోడకు కొట్టుకుంటుంటే నలభై నిమిషాలు కట్టామని, విప్పేశామని, రికార్డులో రాశామని చెప్పారు. నాకు మళ్లీ నిద్ర పట్టలేదు. తెల్లవారాక వెళ్లి అడిగాను.

‘కట్టేరు, నిజమే’ అన్నారు బాబాయి. ‘విప్పీవరకూ నర్సమ్మ పక్కనే కూకుంది.’