గాలి కన్ను, ఆవు కన్ను

ఆసిఫాబాద్ జిల్లా జైనూర్‌లో నాకు ఒక జిరాక్సు, స్టేషనరీ దుకాణం ఉంది. దరఖాస్తులు, సర్టిఫికెట్లు, సర్క్యులర్లు, పిల్లల నోట్సులు. ఇరవై ఏండ్లుగా పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంగ్లీషు కాగితాలు నా చేతుల మీదుగానే పోతున్నాయి. ఆ భాష నాకు తెలుసనే అనుకున్నాను. పోయిన దీపావళి సెలవుల్లో పదో తరగతి చదివే మా బిడ్డ అడిగిన ఒక్క ప్రశ్నతో కండ్లు తెరుచుకున్నాయి.

నా పక్కన స్టూలు మీద కూర్చుని పాఠం చదువుకుంటూ ఆగింది. "బాపూ, బాటిల్‌నెక్ అంటే సీసా మెడ అని రాసుంది. రోడ్డుకు సీసా మెడ ఎట్లుంటది?"

జవాబు రాలేదు నాకు. ఆ మాటను ఎన్నోసార్లు టైపు చేశాను. అందులో సీసా ఉందని ఏనాడూ చూడలేదు. దుకాణం వెనకే ఇల్లు. లోపలికి పోయి మంచినూనె సీసా తెచ్చి, మూత తీసి గిన్నెలోకి వంచాను. కడుపు నిండా నూనె ఉంది. మెడ దగ్గరికి వచ్చేసరికి సన్నటి ధార. ఎంత వంచినా అంతే. మెడ ఎంత ఇస్తే అంత. బయట ఆ రోజు పత్తి బండ్లు, ఆటోలు, ఆసిఫాబాద్ బస్సు ఒక్క మలుపు దగ్గర ఇరుక్కుని హారన్లు మోగిస్తున్నాయి. బిడ్డ సీసాను చూసింది, రోడ్డును చూసింది. "ఇదే బాపూ అది!" అని ఎగిరి గంతేసింది.

ఆ రాత్రి మేమిద్దరం పుస్తకం వెనక పేజీలు తిరగేశాం. సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, హైపర్‌బొలీ... నేను చదువుకున్న రోజుల్లో ఇవి రెండు మార్కుల ప్రశ్నలు. సింహమంత ధైర్యం ఉంటే సిమిలీ, వాడే సింహమైతే మెటఫర్, అక్కడికి చాప్టరు అయిపోయేది. మన ఉపమ, రూపకం, అతిశయోక్తి కూడా అట్లాగే బట్టీ పట్టాను. అవన్నీ కవుల సొత్తు, మనలాంటివాళ్ళ నోట పుట్టేవి కావు అనుకున్నాను. ఎంత పెద్ద పొరపాటు! ఇంగ్లీషువాడు చాయ్ తాగుతూ మాట్లాడే మాటలోనే అలంకారం ఉంది. మనం అంగడిలో బేరం ఆడే మాటలో ఉన్నట్టే.

విండో అనే మాటనే చూడండి. కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ నోట్లో నలిగే మాట. అది ఇంగ్లండులో పుట్టింది కాదట. ఉత్తరాన సముద్రం దాటి పడవల మీద వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ళ పాత నార్స్ భాష నుంచి వచ్చింది. అందులో దాని అర్థం "గాలి కన్ను". గోడలో ఒక రంధ్రం, దాంట్లోంచి గాలి వస్తుంది, అది ఇంటికి కన్ను. ఇది చదివిన క్షణంలో మన గవాక్షం గుర్తుకొచ్చి ఒళ్ళు జలదరించింది. గో అంటే ఆవు, అక్షి అంటే కన్ను. ఆవు కన్ను! ఆ చలిదేశంలో పడవలు నడిపినవాడికి, ఈ ఎండదేశంలో పశువులు కాసినవాడికి ఒకరి ఊసు ఒకరికి తెలియదు. ఇద్దరికీ గోడలో కన్నే కనబడింది. మా ఇంటి కిటికీ ముందు ఆ రాత్రి చాలాసేపు నిలబడ్డాను.

ఇక బ్రౌజ్ సంగతి. నెట్‌లో బ్రౌజ్ చేయడం అంటాం కదా, ఆ మాట పుట్టింది మేకల దగ్గర. ఇంగ్లీషులో పశువుల మేతకు రెండు మాటలున్నాయి. నేల మీది గడ్డి మేస్తే గ్రేజ్. చెట్ల ఆకులు, లేత కొమ్మలు కొరుక్కుతింటే బ్రౌజ్. మా జైనూర్ చుట్టుపక్కల ఏ గుట్ట వాలులోనైనా నిలబడితే ఈ తేడా కండ్ల ముందే కనిపిస్తుంది. గొర్రె తల దించిందంటే ఉన్నచోటే మేస్తూ పోతుంది. మేక ఉందే, ముందరి కాళ్ళు రెండూ చెట్టుకు ఆనించి నిక్కుతుంది, రెండు ఆకులు పుటుక్కున తెంపుతుంది, రుచి చూస్తుంది, వదిలేస్తుంది, పక్క పొదకు ఉరుకుతుంది. మనం ఫోన్‌లో చేసేది అచ్చంగా ఇదే! మా బిడ్డ ఈ మాటను జన్మలో మరిచిపోదు. నేనూ మరిచిపోను.

మాటల వెనక దాగిన బొమ్మలన్నీ ఇంత చల్లగా లేవు. డెడ్‌లైన్ అన్న మాట నా దుకాణంలో రోజూ వినబడుతుంది, "అన్నా, ఇయ్యాల్నే డెడ్‌లైన్" అంటూ ఉరుక్కుంటూ వస్తారు. 1864లో అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా యుద్ధఖైదీల జైళ్ళలో ఆ పేరుతో ఒక గీత ఉండేది. ఖైదీ అది దాటితే కాపలావాడు కాల్చేస్తాడు. ఆ గీతే కాలక్రమంలో ఫీజు కట్టే ఆఖరి తేదీ అయి కూర్చుంది.

1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు "మెటాఫర్స్ వి లివ్ బై" అని పుస్తకం రాశారు. రూపకం కవిత్వంలో మాత్రమే లేదు, మనిషి ఆలోచనే దాని మీద నడుస్తుంది అన్నది వాళ్ళ వాదన. ఇంగ్లీషులో టైమును ఖర్చు పెడతారు, మిగిలిస్తారు, పెట్టుబడి పెడతారు. అంటే టైము డబ్బు. కాలమే డబ్బని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1748లోనే ఒక కుర్ర వ్యాపారికి సలహాగా రాశాడు. ఇది చదివాక మా నాయనమ్మ మాటలు తలుచుకున్నాను. ఆమెకు పొద్దు పొడిచేది, పొద్దు వాలేది, పొద్దు గూకేది. ఆమె కాలానికి సూర్యుడే రూపం. ఎవరూ దాన్ని దాచలేరు, ఎవరికీ అప్పియ్యలేరు. ఒక్క రూపకం మారితే బతుకు చూసే తీరే మారిపోతుంది!

మెటానమీ అనే పేరు వినగానే భయమేస్తుంది. ఒకదాని పేరు చెప్పి, దానితో ముడిపడ్డ ఇంకోదాన్ని అనడమే అది. వైట్‌హౌస్ ప్రకటించింది అంటే గోడలు మాట్లాడాయనా? లోపలున్నవాళ్ళు మాట్లాడారు. మనం "ఢిల్లీ ఒప్పుకోలేదు" అంటాం, "కలెక్టరేట్ నుంచి గట్టిగ చెప్పిన్రు" అంటాం. మన శాస్త్రకారులు దీనికి దగ్గరి సంగతినే వందల ఏండ్ల కింద లక్షణ అన్నారు. గంగలో గొల్లపల్లె ఉంది అంటే నీళ్ళలో ఊరు ఉండదు, ఒడ్డున ఉందని అర్థం చేసుకోవాలి, అని ఉదాహరణ చూపించారు. ఆ గొల్లపల్లెను పట్టుకుంటే వైట్‌హౌస్ దానంతటదే అర్థమవుతుంది.

కానీ నా మనసు ఎక్కువగా పట్టుకున్నది యూఫెమిజం. చెడ్డమాటను నేరుగా అనకుండా మెత్తగా తిప్పి చెప్పడం. ఇంగ్లీషులో మనిషి చనిపోయాడని అనడానికి నోరు రాక "పాస్‌డ్ అవే" అంటారు, దాటిపోయాడని. ఉద్యోగంలోంచి తీసేస్తే "లెట్ గో" అంటారు, పోనిచ్చామని. ఇది చదువుతుంటే మా అమ్మ వంటిల్లంతా నా ముందుకొచ్చి నిలబడింది. డబ్బాలో బియ్యం అయిపోతే ఆమె ఏనాడూ అయిపోయాయని అనలేదు, "బియ్యం నిండుకున్నయి" అనేది. ఖాళీ డబ్బాను చేతిలో పట్టుకుని నిండుకున్నాయి అనడం! దీపం ఆరిపోతే కొండెక్కింది. గాజులు పగిలితే పెరిగాయి. వానాకాలం చేనులో ఎవరికైనా పాము కరిస్తే "పురుగు ముట్టింది" అనేవారే కానీ పాము పేరు ఎత్తేవారు కాదు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు పోతున్నా అంటే కసిరేది, "పోయొస్త అను" అని. నేను చిన్నప్పుడు ఇవన్నీ చాదస్తం అనుకున్నాను. ఇవి అలంకారాలు! మా అమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఇంగ్లీషు గ్రామర్ పుస్తకంలో ఒక చాప్టరంత సామాను ఆమె నాలుక మీద ఉండేది.

అలిటరేషన్ అంటే మన అనుప్రాస. దానికి నోట్సులో కోకాకోలా, కిట్‌క్యాట్ అని రాసిచ్చారు. మంచివే. అయితే మా బిడ్డకు నేను ఇచ్చిన ఉదాహరణ వేరు. ఇక్కడికి దగ్గర్లోని జోడేఘాట్‌లో 1940లో నిజాం సర్కారుతో పోరాడి ప్రాణమిచ్చిన గోండు నాయకుడు కొమురం భీం పేరు ఎత్తితే వెంట వచ్చే మూడు మాటలు: జల్, జంగల్, జమీన్. మూడు జకారాలు. క్రియ లేదు, విశేషణం లేదు, అడిగేదేమిటో ఆ శబ్దమే చెబుతుంది. బడికి పోని పిల్లవాడు కూడా ఒక్కసారి వింటే మరిచిపోడు. అనుప్రాస చేసే పని ఇదీ!

మా మండలంలోనే మర్లవాయి ఉంది. భీం పోరాటం తరవాత నిజాం సర్కారు పిలిస్తే వియన్నాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టి వచ్చి ఆ ఊళ్ళో ఉన్నారు. 1943లో అక్కడ గోండు యువకులను పంతుళ్ళుగా తయారుచేసే కేంద్రం పెట్టారు. పిల్లవాడికి మొదటి పాఠం వాడి ఇంటి భాషలో చెప్పాలన్నది వాళ్ళ పట్టుదల. గోండిలోనే వాచకాలు తయారుచేయించారు. బెట్టి సమాధి ఇప్పటికీ మర్లవాయిలోనే ఉంది. గోండి, కొలామి, లంబాడి, మరాఠీ, ఉర్దూ, తెలుగు వినబడే మా ఊరి బజారులో కూర్చుని నాకు అనిపించేది ఒక్కటే. ఇంగ్లీషు అలంకారాన్ని కూడా ఆ దారిలోనే చెప్పాలి. ముందు పిల్ల నోట్లో ఉన్న మాట, తరవాత పుస్తకంలో ఉన్న మాట. నిర్వచనం ఆఖరికి.

ఇప్పుడు కౌంటర్ మీద రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టాం. ఎడమ పేజీలో ఇంగ్లీషు మాట, కుడి పేజీలో దానికి సరిజోడు మన మాట. జిరాక్సుకు వచ్చే పిల్లలు గోండిలోవి, లంబాడిలోవి చెబుతున్నారు, బిడ్డ రాస్తోంది. మీ అమ్మ, మీ నాయనమ్మ ఏ చెడ్డమాటను ఎట్లా తిప్పి అనేవారో గుర్తుచేసుకుని ఒక్కటి రాసి పంపండి. కుడి పేజీలు ఇంకా చాలా ఖాళీగా ఉన్నాయి.