చుక్క చాలు!

కారు ఆపగానే బానెట్‌ సందుల్లోంచి నూనె మాడిన వాసన. బాండీ పొయ్యి మీద మర్చిపోతే వస్తుందే, దాదాపు అలాంటిదే. కాస్త వయసు మీదపడిన కార్లలో ఇది మామూలే. ఇంజిన్‌ నెత్తిన టోపీలా కూర్చునే మూత పేరు వాల్వ్‌ కవర్‌. మన మేస్త్రీలకు మాత్రం అది టాపెట్‌ కవరే! ఆ మూతకీ కింది హెడ్‌కీ మధ్య రబ్బరు ప్యాకింగ్‌ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది ఎండి గట్టిపడుతుంది. నూనె చెమర్చి, సైలెన్సర్‌కి వెళ్లే వేడి గొట్టం మీద పడుతుంది. అదీ ఆ వాసన సంగతి.

ప్యాకింగ్‌ మార్చడం పెద్ద పనేం కాదు. పేచీ అంతా దానికి పూసే పేస్టు దగ్గరే.

విజయవాడ ఆటోనగర్‌లో ఓ పెద్ద మేస్త్రి పని నేర్చింది అంబాసిడర్ల మీద. 2014లో తయారీ ఆగిపోయిన ఆ కార్లకు ఉండేది కార్కు ప్యాకింగ్‌. దానికి షెలాక్‌ పూసి బిగించడం అప్పటి అలవాటు. కార్కు పోయి రబ్బరు వచ్చినా చాలామంది చేతులకు ఆ అలవాటు పోలేదు. షెలాక్‌ బదులు సిలికాన్‌ ట్యూబు వచ్చిందంతే.

ఓ సాయంత్రం ఆయన షెడ్డుకు ఓ టాక్సీ కుర్రాడు వచ్చాడు. రెండు నెలల కిందట దారిలో ఎవరో పాత ప్యాకింగ్‌ మీదే చుట్టూ పేస్టు పట్టించి పంపారట. కారడం ఆగింది. ఆ రోజు మాత్రం ఆయిల్‌ దీపం రెండుసార్లు ఎర్రగా మిణుకుమంది.

మేస్త్రి కవర్‌ విప్పాడు. లోపలి అంచున పేస్టు వడియాల పిండిలా పొంగి ఎండిపోయి ఉంది. కొన్నిచోట్ల ఊడిపోయింది కూడా. ఊడిన ముక్కలు ఎటు పోయినట్టు? కింద ఆయిల్‌ చాంబర్‌ దించితే తేలింది. పంపు నూనె పీల్చే జల్లెడ నిండా అవే! పైన కారకుండా పూసింది కింద ఇంజిన్‌ గొంతు నొక్కుతోంది. నూనె అందకపోతే బేరింగులు అరుగుతాయి, చివరికి ఇంజిన్‌ పట్టేస్తుంది.

‘‘కడిగి బిగించెయ్‌ బాబాయ్‌. ఎనిమిదింటికి తిరుపతి కిరాయి ఉంది. కిస్తీ కట్టాలి’’ అన్నాడు కుర్రాడు.

‘‘చాంబర్‌కి పేస్టే ప్యాకింగు రా. రాత్రంతా ఆరాలి. పిల్లాజెల్లాతో ఎక్కినవాళ్లని నడిరోడ్డు మీద దింపుతావా?’’

కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్‌ తీసి కిరాయిని ఇంకో డ్రైవర్‌కి అప్పగించాడు. ఆ రాత్రి ఇంటికి పోలేదు. షెడ్డులోనే బల్ల మీద పడుకున్నాడు.

కవర్‌ పని పొద్దున మొదలైంది. ముందు పాత పేస్టంతా గీకాడు మేస్త్రి. ముక్కలు లోపల పడకుండా గుడ్డ అడ్డం పెట్టాడు. రెండు అంచులూ నూనె జిడ్డు లేకుండా తుడిచాడు. జిడ్డు మీద ఏ పేస్టూ పట్టదు మరి! కొత్త రబ్బరు ప్యాకింగ్‌ని గాడిలో పొడిగానే కూర్చోబెట్టాడు. దాని చుట్టూ పేస్టు రాస్తే బిగించేటప్పుడు జారి పక్కకు పోతుంది. టైమింగ్‌ కవర్‌, హెడ్‌ కలిసే రెండు మూలల్లో మాత్రం చిన్న చుక్క పెట్టాడు. రెండు భాగాలు కలిసేచోట సన్నటి మెట్టు ఉంటుంది. రబ్బరు అక్కడ పూర్తిగా ఆనదు. చుక్క పని ఆ సందు పూడ్చడమే. నట్లు మధ్య నుంచి అంచులకు, కొద్దికొద్దిగా బిగించాడు. బలమంతా చూపిస్తే రేకు కవరైతే వంగుతుంది, ప్లాస్టిక్‌దైతే పగులుతుంది.

బ్రీదర్‌ గొట్టం కూడా ఊది చూశాడు. అది పూడుకుపోతే లోపలి గాలి ఒత్తిడికి కొత్త ప్యాకింగ్‌ కూడా చెమరుస్తుంది. కొందరు ఏటా ప్యాకింగ్‌ మారుస్తూనే ఉంటారు, అసలు రోగం ఈ గొట్టంలో ఉందని తెలియక!

మీ కారుకూ ఈ పని పడితే రెండు మాటలు అడగండి. పేస్టు ఎక్కడెక్కడ పెడతారు? ఎంతసేపు ఆరనిస్తారు? ఎక్కడ పెట్టాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. ఎంతసేపు ఆరాలో ట్యూబు మీద రాసి ఉంటుంది. సిలికాన్‌ గాలిలోని తేమతో గట్టిపడుతుంది కాబట్టి తొందరపెడితే లాభం లేదు. పూర్తిగా ఆరడానికి చాలా రకాలకు 24 గంటలు పడుతుంది. ఇంకో సంగతి. నడుస్తుండగా ఆయిల్‌ దీపం ఎర్రగా వెలిగితే ‘ఇంటిదాకా పోదాం’ అనుకోవద్దు. పక్కకు తీసి ఇంజిన్‌ ఆపేయండి.

ప్యాకింగ్‌ ఖర్చు ఇంజిన్‌ పనిలో ఓ మూలకు కూడా రాదు. ఆ కుర్రాడు పోగొట్టుకున్నది ఒక్క రాత్రి కిరాయి.