ఇరవై మార్కుల మాట

మా అక్కవాళ్ళది ఎల్లారెడ్డి, మేముండేది కామారెడ్డి. అక్క కూతురు ఇంటర్ ఫస్టియర్. మొన్న సెలవులకు వచ్చి, "చిన్నమ్మా, ఇంగ్లీషు రాయమంటే రాస్త. మాట్లాడమంటే నోరు వస్తలేదు" అంది.

మన రోజుల్లో ప్రాక్టికల్స్ అంటే సైన్స్ గ్రూపుల వాళ్ళకే కదండీ! తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఫస్టియర్ ఇంగ్లీషుకూ ప్రాక్టికల్స్ పెట్టింది. రాత పరీక్షకు 80 మార్కులు, ప్రాక్టికల్స్‌కు 20. నాకైతే మంచి పనే అనిపించింది. పరీక్షలో లేనిదాన్ని మన దగ్గర ఎవరు పట్టించుకుంటారు?

అయితే మాటకు మార్కులు వేయడం తేలిక కాదు. కాగితాన్ని మళ్ళీ దిద్దుకోవచ్చు, మాట గాలిలో కలిసిపోతుంది. విదేశాలకు వెళ్ళే పిల్లలు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో 11 నుంచి 14 నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. తడబడకుండా, పొందికగా చెప్పడం, మాటల సంపద, వ్యాకరణం, ఉచ్చారణ. ఈ నాలుగింటికీ సమానమైన విలువ. అంటే వ్యాకరణం పావు వంతే! మన ఇళ్ళల్లో మాత్రం ఒక్క 'ఈజ్' తప్పిపోతే చాలు, అందరం నవ్వేస్తాం.

పిల్ల సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీపట్టింది. మధ్యలో ఒక మాట మరిచిపోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతోంది. అది ఆపించి, "సకినాలు ఎట్ల చేస్తరో ఇంగ్లీషుల చెప్పు" అన్నాను.

"రైస్ నైట్ సోక్. మార్నింగ్ గ్రైండ్. నువ్వులు, వాము మిక్స్. క్లాత్ మీద రౌండ్ రౌండ్. లిటిల్ డ్రై, దెన్ ఆయిల్."

వ్యాకరణం లేదు. కానీ సకినాలు తెలియని మనిషి కూడా ఆ మాటలు పట్టుకుని పిండి కలపగలదు. బట్టీపట్టిన ఇంట్రడక్షన్‌లో తప్పుల్లేవు, దాంట్లో పిల్లే లేదు.

"గిట్ల చెప్తే మార్కులేస్తరా?" అని అడిగింది. ఆమెకు నర్సింగ్ చదవాలని ఉంది. రేపు హైదరాబాద్‌లో ఏ పెద్దాసుపత్రిలోనో తెలుగు రాని డాక్టరుకు పేషెంటు బాధ చెప్పాల్సి వస్తే, అప్పుడు బట్టీ పనికిరాదు.

అందుకే ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడుకుంటున్నాం. ముగించేదాకా నేను దిద్దను, అక్క నవ్వదు. తర్వాత ఒక్కటంటే ఒక్క తప్పే చెప్తాను. నిన్న బస్సు ఎందుకు ఆలస్యమైందో చెప్పింది. మధ్యలో మాట దొరక్క ఆగింది. కాసేపటికి ఇంకో మాట వెతుక్కుని ముందుకు వెళ్ళింది, మొదటికి రాలేదు.

మీ ఇంట్లో పిల్లల నోరు ఎలా తెరిపిస్తున్నారో నాకూ చెప్పండి.