సాగరులో లాంచీ ప్రయాణము

నారాయణపేట ప్రాంతము వాళ్లమైన మాకు కృష్ణానది కొత్త కాదు. తంగిడి వద్ద భీమానది వచ్చి దానిలో కలిసే చోటు మాకు దగ్గరే. పుట్టిలో కూర్చొని ఏరు దాటినవాళ్లు మా ఇండ్లలో చాలామంది ఉన్నారు. అదే నీరు జూరాల, శ్రీశైలము దాటి నాగార్జునసాగరు చేరినప్పుడు ఎట్లుండునో చూడవలెనని పోయిన సంక్రాంతి సెలవులలో రెండు కుటుంబములవాళ్లము కలిసి వెళ్లాము. చిన్నా పెద్దా పదకొండు మందిమి. అందరిలో పెద్ద మా పెదనాయన. ఎనుబది ఏండ్లు దాటినవి. సాగరు కట్టేటప్పుడు ఆయన అక్కడ తట్ట మోసినారు. పని ముగిసి ఇంటికి వచ్చిన తరువాత మరల ఆ వైపు పోలేదు.

జొన్నరొట్టెలు, పల్లికారము మూట కట్టుకొని, ప్రార్థన చేసుకొని, తెల్లవారక ముందే బయలుదేరాము. మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా దారి. దారిలో చెప్పుకోదగినది ఏమీ లేదు, పిల్లల వాంతులు తప్ప.

లాంచీ ఎక్కిన తరువాత పిల్లలు గంతులు వేశారు. మా ఆడవాళ్లు మొదట కొంగు నోటికి అడ్డము పెట్టుకొని భయపడినా, కొంతసేపటికి కిటికీల వద్దకు చేరారు. ఎటు చూసినా నీళ్లే. చుట్టూ నల్లమల కొండలు. ముప్పావు గంటకు పైగా ప్రయాణము. పెదనాయన మాత్రము కమ్మీ పట్టుకొని నీళ్లలోనికే చూస్తూ నిలిచారు. ఏమి చూస్తున్నావని మా చిన్నది అడిగితే, "మేము పని చేసేటప్పుడు ఈడ నీళ్లు యాడున్నయి బిడ్డా? అంతా లోయనే. ఊర్లుండె, చేన్లుండె. అన్నీ కిందికే పోయినయి" అన్నారు.

నాగార్జునకొండ ఇప్పుడు ద్వీపమైనది గాని, అప్పుడు లోయ మధ్య నిలిచిన కొండ. శాతవాహనుల తరువాత, క్రీస్తు శకము 3, 4 శతాబ్దములలో, ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో విజయపురి అను పట్టణము కట్టుకొని ఏలినారు. 1926లో ఆ శిథిలములు వెలుగులోనికి వచ్చినవి. ఆనకట్ట కట్టుటకు నిర్ణయమైనప్పుడు అవన్నీ మునిగిపోవునని 1954 నుండి 1960 వరకు లోయ అంతటా త్రవ్వకములు జరిపారు. ముఖ్యమైన కొన్ని కట్టడములను విప్పి, కొండ మీదికి చేర్చి, మరల పేర్చారు. 1966లో మ్యూజియము తెరిచారు. రాతియుగపు పనిముట్లు మొదలుకొని సున్నపురాతి శిల్పముల వరకు అక్కడ ఉన్నవి. శుక్రవారము మ్యూజియము మూసియుండును గనుక వెళ్లేవారు ఆ దినము తప్పించుకొనండి. గైడు అక్కడి మహాచైత్యమును గూర్చి చెప్పుచు, దానిని కట్టించినది చాంతిసిరి అను రాజవంశపు స్త్రీ అని శాసనములలో ఉన్నదన్నాడు. పెదనాయన శ్రద్ధగా విని, "రాళ్లు మోసినోళ్ల పేర్లు గూడ రాసినారా?" అని అడిగారు. గైడు నవ్వాడు. అది ఎగతాళి ప్రశ్న కాదని మాకు తెలుసు.

తిరుగు ప్రయాణములో మా అన్నకుమారుడు ఫ్రాన్సు దేశపు కాలువ ఒకదానిని గూర్చి చెప్పాడు. తులూజు పట్టణము నుండి మధ్యధరా సముద్రము వైపు 240 కిలోమీటర్లు పోవు మిది కాలువ. 1666లో మొదలుపెట్టి 1681లో తెరిచారట. ఒకప్పుడు సరుకు పడవలు నడిచిన ఆ కాలువలో ఇప్పుడు కుటుంబములు పడవలు అద్దెకు తీసుకొని, వారముల తరబడి మెల్లగా పోవుచు, కార్కసోను కోట వద్ద ఒక పూట, బెజియే వద్ద మెట్లవలె ఉన్న లాకులు చూచుటకు మరొక పూట ఆగుచుందురట. దానిని తలపెట్టిన రికే అను ఆయన తెరవకముందే 1680లో కన్నుమూశాడు. వేలమంది కూలీలు త్రవ్వారు, వారిలో స్త్రీలు కూడ ఉన్నారు. పండుగ దినములకు, జబ్బు పడిన దినములకు కూడ రికే కూలి ఇచ్చేవాడని విని పెదనాయన చాలాసేపు మాట్లాడలేదు. "మంచోడే" అన్నారు చివరకు.

ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు నీళ్లు వదిలారు. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. నది మధ్యభాగమంతా రాతికట్టు. రాతికట్టు ఆనకట్టలలో ఇది ప్రపంచములోనే మిక్కిలి పెద్దవాటిలో ఒకటి. యంత్రములు తక్కువ, మనుష్యులు ఎక్కువ. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు పట్టుకొని పాలమూరు పల్లెలు పల్లెలే కదిలి వెళ్లినవి. పరంజి మీద వరుసగా నిలిచి, తట్టలలో రాళ్లు, మాలు ఒకరి నెత్తి నుండి ఒకరి నెత్తికి అందించేవారు. ఆ నీళ్లు కుడి కాలువలో గుంటూరు, ప్రకాశము వైపు, ఎడమ కాలువలో నల్లగొండ, ఖమ్మము వైపు పోయినవి. మోసిన పాలమూరుకు ఒక్క ఎకరము తడవలేదు. పెదనాయన ఈ మాట కోపముతో అనలేదు. లెక్క చెప్పినట్లు చెప్పారు.

మరుసటి దినము అనుపు వెళ్లాము. అక్కడికి తరలించి కట్టిన పురాతన రంగస్థలములో క్రింద నిలిచి చప్పట్లు కొడితే పై మెట్ల వరకు స్పష్టముగా వినబడును. పిల్లలను అక్కడి నుండి కదిలించుటకు మాకు తల ప్రాణము తోకకు వచ్చినది. తరువాత ఎత్తిపోతల. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుండి దూకుచున్నది. మొసళ్ల పెంపక కేంద్రము కూడ ఉన్నది. జలపాతమును చూడవలెనంటే వానకాలము ముగిసిన వెంటనే వెళ్లుట మేలు. మేము వెళ్లినప్పుడు ధార సన్నబడినది.

బయలుదేరే ముందు పెదనాయన ఆనకట్టకు దిగువన కారు ఆపించారు. గుడిసెల వరుస ఎక్కడ ఉండెడిదో వెదకవలెనన్నారు. అక్కడ జ్వరముతో పోయిన ఆయన చెల్లెలిని పాతిపెట్టారన్న సంగతి మాకు అప్పుడే తెలిసినది. ఆరు నెలల పిల్ల. మా నాయనమ్మ మూడవ దినమే మరల తట్ట ఎత్తుకొన్నదట. ఇప్పుడు అక్కడ రోడ్లు, ఇండ్లు, చెట్లు. గంటసేపు తిరిగాము. ఒక వేపచెట్టు వద్ద ఆగి, ఇది కావచ్చునన్నారు. మరల కాదన్నారు. పిల్ల పేరేమిటని మా చిన్నది అడిగినది.

"పెట్టలేదు బిడ్డా. ఇంటికి పోయినంక పెడదామనుకొంటిమి."

మిగిలిన రొట్టెలు ఆ చెట్టు క్రిందనే కూర్చొని తిన్నాము. ప్రొద్దు వాలుచుండగా బయలుదేరి, రాత్రి ప్రొద్దుపోయి నారాయణపేట చేరాము.