కొవ్వు తక్కువ కూర

మా సవరల ఇళ్లలో పెద్దకూర రోజూ ఉడికేది కాదు. పెద్దల కార్యానికి దున్నపోతును బలిచ్చినప్పుడు వాటాలు వేసుకుని ఊరంతా తినేవాళ్లం. చదువుకుని కొండ దిగాక దాన్ని మానమని ఇద్దరు చెప్పారు. ఒకరు మమ్మల్ని తక్కువ చేయడానికి చెప్పారు. వాళ్లకు నేను జవాబు చెప్పను. రెండోవారు డాక్టరు. మా అయ్యకు బీపీ ఉంది, రక్తంలో కొవ్వు పెరిగింది, ఎర్రమాంసం తగ్గించమన్నారు. ఆ మాట విన్నాం.

నిజానికి పైకొవ్వు తీసేస్తే దున్నపోతు మాంసంలో కొవ్వు తక్కువే. కానీ కొవ్వొక్కటే లెక్క కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఎర్రమాంసాన్ని క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న వాటిలో చేర్చింది. మేక, గొర్రె, పంది కూడా అందులోవే. పెద్దకూర మాని అంతకంత మేకమాంసం తింటే మేలేమీ లేదు.

అందుకే సోంపేటలో ఉద్యోగం చేస్తూ వేరే కూరలు వెతికాను. మొదట కౌజుపిట్ట. ఐదారు వారాల్లో కోతకొస్తుంది. కొవ్వు ఎక్కువగా తోలులోనే ఉంటుంది, తోలు తీసి వండాలి. తర్వాత పెంపుడు కుందేలు. కొవ్వు లేక త్వరగా ఎండిపోతుంది. మూతపెట్టి సన్నని మంట మీద ఉడికిస్తే చోడి అంబలిలోకి బాగుంటుంది. అడవి కుందేలు జోలికి వెళ్లొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాని వేట నేరం. తేలినీలాపురం కొంగలూ అంతే, చూడ్డానికే.

ఈము పక్షి కథ మీరు వినే ఉంటారు. కొవ్వు లేని మాంసమని చెప్పి మన రాష్ట్రంలో ఊరూరా ఫారాలు పెట్టించారు. కొని తినేవాళ్లు లేక 2012 ప్రాంతంలో అవి మూతపడ్డాయి, రైతులు మునిగారు. వండే చెయ్యి, తినే నోరు లేని మాంసం ఎంత మంచిదైనా నిలబడదు.

మనకు వండే చెయ్యి ఉంది. వానాకాలం పొలాల్లో దొరికే నత్తల్లో కొవ్వు నామమాత్రం. పురుగుమందు కొట్టిన మడిలో ఏరకూడదు, బాగా ఉడికించకుండా తినకూడదు. పెరటి నాటుకోడి, చెరువు చేప ఎలాగూ ఉన్నాయి. ఇప్పుడు మా ఇంట్లో వారానికోసారి వీటిలో ఒకటి వండుతాం. అయ్య ఎక్కువగా అడిగేది నత్తల కూరే.

ఉద్దానంలో మరో జాగ్రత్త ఉంది. సోంపేట, కవిటి, కంచిలి, మందస, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. దీనికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కిడ్నీ దెబ్బతిన్నవారికి కొవ్వు లేని మాంసమైనా ఎక్కువైతే భారమే. ఎండుచేపలో ఉప్పు మరీ చేటు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, ఎంత తినాలో డాక్టరును అడగండి.

మాస్టార్లకు ఒక మనవి. హాస్టల్లో ఒక పిల్లాడు సెలవుల్లో నత్తలు తిన్నానని చెప్పి, తోటివాళ్లు నవ్వితే, ఆ రోజు పోషకాహార పాఠం అక్కడే మొదలుపెట్టండి. నత్తలో ఏముందో బోర్డు మీద రాయండి. ఎలా వండాలో ఆ పిల్లాడినే చెప్పమనండి.