నాక్సోస్ ద్వీపమున బస్సు ప్రయాణము

ఏజియను సముద్రమునందలి సిక్లడీసు ద్వీపములలో నాక్సోస్ అన్నిటికంటె పెద్దది. వైశాల్యము సుమారు 430 చదరపు కిలోమీటర్లు. ఏథెన్సునకు రేవగు పిరేయసునుండి ఓడలో సుమారు అయిదు గంటల ప్రయాణము. ఇచ్చటికి వచ్చు యాత్రికులు పెక్కురు రేవులో దిగగానే కారు బాడుగకు తీసికొందురు. మేమిద్దరము బస్సునే కోరితిమి. కారులో పోవువారికి కొండలు కనబడునుగాని, కొండలమీది ఆడువారి ప్రక్కను కూర్చుండు భాగ్యము కలుగదు గదా!

బస్సు నిలుచు చోటు రేవునకు ఎదురుగానే యున్నది. టిక్కెట్టు ముందుగా ఆఫీసులో కొనవలెను. వేసవి గడచిన కొలది బస్సులు తగ్గిపోవును. మేము పోయినది ఆశ్వయుజ మాసము. కావున బయలుదేరు వేళకంటె తిరిగి వచ్చు వేళనే ముందు తెలిసికొంటిమి.

రేవు ప్రక్కను తిప్పమీద చలువరాతి ద్వారమొకటి ఒంటరిగా నిలిచియున్నది. క్రీ. పూ. 6వ శతాబ్దమున అపోలో దేవునికై తలపెట్టిన గుడి ద్వారమట. గుడి పూర్తికాలేదు. థీసియసు అను రాకుమారుడు, దారమిచ్చి తన ప్రాణము కాపాడిన అరియాడ్నిని నిద్రలో విడిచి ఓడయెక్కి పోయినది ఈ దీవియందే యని గ్రీకుల కథ. దేవతల యాజ్ఞచే విడిచెనని కొందరందురు. దమయంతిని విడిచిన నలునికి కలి యావేశించెనను సాకైన కలదు; ఈతని సాకు మాకు నచ్చలేదు.

బస్సు ఒలీవ తోటలు దాటి హల్కి గ్రామము చేరెను. అచ్చట మాదీఫలపు ఆకులతో ఒక మద్యమును కాచుదురు. తరువాత ఫిలోటి, దానిపైని జాస్ పర్వతము సుమారు 1,000 మీటర్ల యెత్తు. అచ్చటినుండి దారి యంతయు మలుపులే. డ్రైవరు హారను మ్రోగించుచు, ఎక్కినవారినెల్ల పేరు పెట్టి పలుకరించుచు నడపుచుండెను.

మా ప్రక్కను ఒక వృద్ధురాలు కూర్చుండెను. కంటికి గుడ్డకట్టు. వెనుక సీటున నున్న ఉపాధ్యాయిని యొకరికి ఆంగ్లము వచ్చును గనుక ఆమె మాటలు మాకు తెలియజెప్పిరి. వృద్ధురాలు పట్టణమున వైద్యునికి చూపించుకొని వచ్చుచున్నది. భర్త గతించెను, కుమారుడు ఏథెన్సులో నున్నాడు. "నాకు బండి నడుప రాదు. చలికాలమున ఈ బస్సు తగ్గించినచో నా కన్ను ఎవరు చూతురు?" అని ఆమె యడిగినది. ఆ ప్రశ్నకు ఉపాధ్యాయిని గాని మేము గాని బదులు చెప్పలేకపోతిమి.

అపెరాంథోసులో వీధులకు చలువరాళ్లు పరచినారు. మగ్గములమీద నేయు స్త్రీలు నేటికిని కలరు. 1941లో ఏథెన్సు కోటపై నెగురుచున్న జర్మనుల జెండాను తోడి యువకునితో కలిసి రాత్రివేళ దింపిన మనోలిస్ గ్లెజోసు (1922-2020) పుట్టినది ఈ యూరే. ఈ ప్రాంతపు కొండలలో ఎమెరీ యను నల్లరాయి దొరకును. అది మన కురువిందమునకు చుట్టము, సానపట్టుటకు పనికివచ్చును. ఆ గనుల పని తగ్గిన పిదప యువకులు పట్టణముల పాలైరని ఉపాధ్యాయిని చెప్పిరి.

వృద్ధురాలు కొరోనోసులో దిగెను. డ్రైవరు తానే లేచి ఆమె సంచిని గోడదాక మోసి పెట్టివచ్చెను.

దారికి చివర అపోలోనాస్. ఊరికి పైని, పాత రాతిగనిలో, 10 మీటర్లకు మించిన రాతి పురుషుడు వెల్లకిల పడియున్నాడు. రెండువేల అయిదువందల యేండ్ల క్రిందట చెక్కుచు చెక్కుచు విడిచినారు. రాతిలో పగుళ్లు కనబడుటచే విడిచిరని పండితుల యూహ. గడ్డము తెలియుచున్నది, ముఖము తెలియదు. పిల్లలు వాని పాదములపై కూర్చుండి రొట్టె తినుచుండిరి. అంత పెద్ద విగ్రహమును ఇంత చనువుగా చూచుట మాకెంతో ముచ్చటయ్యెను.

తిరుగు బస్సు కొరోనోసు మలుపు చేరునప్పటికి ఆ వృద్ధురాలు గోడమీద కూర్చుండి యుండెను. పట్టణమున ఆ ఉదయము దొరకని కంటిమందు మరునాటికి వచ్చునట. కాగితములో మడిచిన డబ్బు ఆమె కిటికీలోనుండి అందించెను. డ్రైవరు లెక్కింపకయే చొక్కా జేబులో నుంచుకొని, బస్సును కదల్చెను.