ఖరీదైతేనే అసలు రుచా?

రోమ్‌లో మామూలు ట్రాటోరియాల్లో, అంటే చిన్న భోజనశాలల్లో, వైన్ సీసాలో కాదు, కారాఫ్ అనే కూజాలో వస్తుంది. పావు లీటరు, అర లీటరు చొప్పున. ఇంటి వైన్ అంటారు. చాలాసార్లు అది ఫ్రస్కాతి లాంటి చుట్టుపక్కల కొండ ఊళ్లదే. ఇటలీలో వైన్ మీద ఎక్సైజ్ సుంకం సున్నా. పైగా సీసా, లేబుల్, దూరపు రవాణా ఖర్చులుండవు. ఇంటి వైన్ చవగ్గా దొరకడానికి కారణం ఇదే, నాసిరకం కావడం కాదు.

వంటా అంతే. రోమ్ పాస్తా వంటకం కాచో ఎ పేపేలో ఉండేది పాస్తా, పెకొరీనో చీజ్, మిరియాలు. క్రీమ్ ఉండదు. పాస్తా ఉడికిన గంజినీళ్లే చీజ్‌ను చిక్కటి సాస్‌గా మారుస్తాయి. ఇంత ఉప్పటి వంటకి పుల్లపుల్లని తెల్ల వైన్ చాలు, ఏళ్లతరబడి నిలవుంచిన బరోలో లాంటి ఖరీదైన రెడ్ వైన్ ఇక్కడ దండగ.

ఇంటి వైన్‌లో చెత్త ఉండదా అంటే, ఉంటుంది. కానీ పావు లీటరుతో పోయేదెంత? ఇక ‘అసలు’ అంటే తాతలనాటిదే అవ్వాలంటారా? రోమ్‌దే మరో పాస్తా కార్బొనారా పేరుకెక్కిందే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత! నా లెక్కలో అసలైనదంటే అక్కడివాళ్లు రోజూ తినగలిగే ధరలో దొరికేది.

కాదనేవాళ్లు కామెంట్లలోకి రండి, వాదించుకుందాం 🙂